ఆంపియర్ పర్ మీటర్: ప్రమాణం ఒకటే, రాశులు రెండు

తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షకు చదివినవారిలో, ఒకే మితులు గల రాశుల జతను గుర్తించమనే ప్రశ్న ఎదురుకానివారు అరుదు. టార్క్, పని అన్న జతకు టిక్కు పెట్టి ముందుకు పోతారు. మితులు కలిసినా టార్క్ వేరు, పని వేరు అని అప్పుడు అందరికీ తెలుసు. ఇన్ని న్యూటన్-మీటర్ల టార్క్ ఎన్ని జౌళ్లవుతుందని ఎవరూ అడగరు. విద్యుదయస్కాంతత్వం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ మెలకువ సడలిపోతోంది. రేఖీయ విద్యుత్ ప్రవాహ సాంద్రతకూ, అయస్కాంత క్షేత్ర తీవ్రతకూ అంతర్జాతీయ ప్రమాణ పద్ధతి అయిన ఎస్ఐ ఇచ్చిన ప్రమాణం ఒక్కటే, ఆంపియర్ పర్ మీటర్. ప్రమాణం ఒకటే కాబట్టి ఒకదాన్ని రెండోదానిలోకి నేరుగా మార్చుకోవచ్చుననే భావన చదువుకున్నవారిలోనూ పాతుకుపోయింది. ఈ భావన తప్పు. ఈ రెండు రాశుల మధ్య ఉన్నది ప్రమాణాల మార్పిడి కాదు, ఒక భౌతిక నియమం. ఆ నియమంలో ఆకారం ఉంది, దిశ ఉంది, పదార్థం ఉంది, ఎంచుకున్న ప్రమాణ పద్ధతి కూడా ఉంది. వీటిని వదిలేసి అంకెను మాత్రం మోసుకుపోతే లెక్క ఒకచోట సగానికి, ఇంకోచోట పన్నెండున్నర రెట్లకు, మరోచోట వెయ్యి రెట్లకు తేడా కొడుతుంది.

ముందు రాశుల సంగతి చూద్దాం. పలచని లోహపు రేకులో కరెంటు రేకంతా పరుచుకుని ఒకే దిక్కుకు పారుతోందనుకుందాం. ప్రవాహానికి అడ్డంగా ఒక మీటరు వెడల్పు గీత గీస్తే, ఆ గీతను దాటే ఆంపియర్లే రేఖీయ ప్రవాహ సాంద్రత. అది రేకు మీదే ఉంటుంది, రేకు దాటితే లేదు. అయస్కాంత క్షేత్ర తీవ్రత అలాంటిది కాదు. రేకు పైనా కిందా ఖాళీ జాగాలో కూడా ప్రతి బిందువు దగ్గరా దానికొక విలువ, ఒక దిశ ఉంటాయి. ఆ దిశ ప్రవాహం దిశ కాదు, దానికి లంబంగా ఉంటుంది. కరెంటు ఉత్తర దక్షిణాలుగా పారితే క్షేత్రం తూర్పు పడమరలుగా నిలుస్తుంది. అద్దంలో చూస్తే తేడా ఇంకా స్పష్టం. అద్దానికి సమాంతరంగా పారే ప్రవాహం ప్రతిబింబంలోనూ అదే దిక్కుకు పారుతుంది. అద్దానికి సమాంతరంగా ఉన్న క్షేత్రం ప్రతిబింబంలో తిరగబడుతుంది. అద్దంలో ఒకే తీరుగా ప్రవర్తించని రెండు రాశులను సమానమనడం కుదరదు. వాటిని కలిపేది ఆంపియర్ నియమం. రేకుకు ఒకపక్క ఉన్న స్పర్శీయ క్షేత్రానికీ, రెండోపక్క ఉన్నదానికీ మధ్య తేడా ఆ రేకులోని రేఖీయ ప్రవాహ సాంద్రతకు సమానమని అది చెబుతుంది. తేడాకు సమానమన్నదే గాని, క్షేత్రానికి సమానమన్నది కాదు.

ఇప్పుడు లెక్క. పొడవాటి సాలినాయిడ్‌కు సెంటీమీటరుకు పది చుట్లు చుట్టి, తీగలో ఒక ఆంపియర్ పంపామనుకుందాం. చుట్లన్నీ కలిపి చూస్తే గొట్టం మీద మీటరు పొడవుకు 1000 ఆంపియర్లు తిరుగుతున్నాయి. సాలినాయిడ్ బయట క్షేత్రం దాదాపు సున్నా కనుక లోపలి క్షేత్రం కూడా మీటరుకు 1000 ఆంపియర్లే. రెండు అంకెలూ ఒకటైపోయాయి, రెండు రాశులూ ఒకటే అనిపిస్తుంది. ఇదే సాలినాయిడ్‌ను సెంటీమీటర్-గ్రామ్-సెకండ్ పద్ధతిలో, అంటే సీజీఎస్ విద్యుదయస్కాంత ప్రమాణాల్లో రాసి చూడండి. అక్కడ కరెంటు ప్రమాణం అబ్‌ఆంపియర్, అది పది ఆంపియర్లకు సమానం. సెంటీమీటరుకు పది చుట్లు, ఒక్కో చుట్టులో పదోవంతు అబ్‌ఆంపియర్. అంటే రేఖీయ ప్రవాహ సాంద్రత సెంటీమీటరుకు సరిగ్గా ఒక అబ్‌ఆంపియర్. లోపలి క్షేత్రం మాత్రం 12.566 ఆయిర్‌స్టెడ్‌లు. ఒకే గొట్టం, ఒకే కరెంటు. ఎస్ఐలో 1000, 1000 అని కనిపించిన జంట సీజీఎస్‌లో 1, 12.566గా విడిపోయింది. ఆ 12.566 అన్నది వృత్త స్థిరాంకమైన పైకి నాలుగు రెట్లు. కాబట్టి సెంటీమీటరుకు ఒక అబ్‌ఆంపియర్‌ను మారిస్తే మీటరుకు 1000 ఆంపియర్లు వస్తాయి, ఒక ఆయిర్‌స్టెడ్‌ను మారిస్తే మీటరుకు 79.577 ఆంపియర్లే వస్తాయి. ఆయిర్‌స్టెడ్‌నూ, సెంటీమీటరుకు అబ్‌ఆంపియర్‌నూ ఒకే జాబితాలో పేర్చి, దేన్నుంచి దేనిలోకైనా మార్చుకోండని చెప్పే పట్టిక పన్నెండున్నర రెట్ల తప్పుకు తలుపు తెరిచి పెట్టినట్టే.

ఈ నాలుగు రెట్ల పై ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. బిందువు లాంటి అయస్కాంత ధ్రువం నుంచి మొదలుపెట్టి సూత్రాలు కట్టుకుంటూ వస్తే, గోళం ఉపరితల వైశాల్యంలోని ఆ గుణకం, గోళమన్నదే లేని సాలినాయిడ్ సూత్రంలో కూడా ప్రత్యక్షమవుతుంది. ఇది అసహజమని పంతొమ్మిదో శతాబ్దం చివర భౌతిక శాస్త్రవేత్త ఆలివర్ హెవిసైడ్ గట్టిగా వాదించాడు. 1901లో ఇటలీ ఇంజినీరు జొవాన్నీ జోర్జీ మీటర్, కిలోగ్రామ్, సెకండ్‌లకు ఒక విద్యుత్ ప్రమాణాన్ని చేర్చితే ఈ చిక్కు వీడుతుందని చూపాడు. అంతకు ముందు ఏడాది, 1900లో, పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ క్షేత్ర తీవ్రతకు గౌస్ అని పేరు పెట్టింది. దానితో అయస్కాంత అభివాహ సాంద్రతనూ, క్షేత్ర తీవ్రతనూ గౌస్‌లలోనే చెప్పడం అలవాటైపోయింది. శూన్యంలో ఈ రెండింటి అంకెలూ సీజీఎస్‌లో ఒకటే కనుక, రెండూ ఒకే రాశి కదా అనే వాదన బలంగా నడిచింది. 1930లో ఆస్లోలో సమావేశమైన అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ఆ వాదనను తోసిపుచ్చి, అభివాహ సాంద్రతకు గౌస్‌ను, క్షేత్ర తీవ్రతకు ఆయిర్‌స్టెడ్‌ను కేటాయించింది. అంకెలు కలిసినంత మాత్రాన స్వభావం కలవదన్నది ఆ నిర్ణయం సారం. తొంభై ఏళ్లు దాటాక అదే ప్రశ్న వేషం మార్చుకుని మళ్లీ వచ్చింది. అప్పుడు సీజీఎస్ రెండు రాశులను కలిపేస్తే, ఇప్పుడు ఎస్ఐ వేరే రెండింటిని కలిపేస్తోంది. ఆస్లోలో చెప్పిన జవాబు ఇక్కడా చెల్లుతుంది.

ఇదంతా పుస్తకాల్లోని గొడవ అనుకునేవారు కాలిఫోర్నియాలోని సన్నీవేల్ వైపు చూడాలి. ఈనాడు ఆ ఊరు తెలుగువాళ్లకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల చిరునామా. కానీ సాఫ్ట్‌వేర్‌ను ఇంటింటికీ చేర్చిన వస్తువుల్లో ఒకటి అక్కడినుంచే వచ్చింది. 1973లో ఆలన్ షుగార్ట్ స్థాపించిన షుగార్ట్ అసోసియేట్స్ 1976లో ఎస్ఏ 400 అనే అయిదుంపావు అంగుళాల ఫ్లాపీ డ్రైవ్‌ను విడుదల చేసింది. ముప్ఫై అయిదు ట్రాకులు, నిమిషానికి 300 చుట్లు, దాదాపు 110 కిలోబైట్లు. పక్క ఊరు కుపర్టినోలోని ఆపిల్ 1978లో తెచ్చిన డిస్క్ 2 లోపల ఉన్నది కూడా షుగార్ట్ యంత్రాంగమే. ఆ కాలపు ఫ్లాపీ పూత మీద రాసిన బిట్టును తిరగరాయాలంటే ఎంత క్షేత్రం కావాలో చెప్పే కొలత కొయర్సివిటీ. అది సుమారు 300 ఆయిర్‌స్టెడ్‌లు, అంటే మీటరుకు 23.9 వేల ఆంపియర్లు. 1984లో ఐబీఎం పీసీ ఏటీతో వచ్చిన 1.2 మెగాబైట్ల ఫ్లాపీకి అది సుమారు 600 ఆయిర్‌స్టెడ్‌లు. పాత ఫ్లాపీని కొత్త డ్రైవ్‌లో పెట్టి ఎక్కువ సాంద్రతతో ఫార్మాట్ చేసినవారికి రాసింది నిలవకపోవడానికి కారణం ఈ రెండు అంకెల మధ్య తేడాయే.

ఆ డ్రైవ్‌లోని రాసే హెడ్‌ను దగ్గరగా చూస్తే మన ప్రశ్న మొత్తం అక్కడే ఉంటుంది. అయస్కాంత పదార్థంతో చేసిన చిన్న వలయం, దానికొకచోట సన్నని చీలిక, ఇంకోచోట తీగ చుట్లు. లెక్క సులువు కావడానికి చీలిక రెండు మైక్రోమీటర్లనీ, చుట్లు ఆక్రమించిన పొడవు రెండు మిల్లీమీటర్లనీ అనుకుందాం. చీలికకు దూరమయ్యేకొద్దీ క్షేత్రం త్వరగా పడిపోతుంది కనుక, పూత దగ్గర 300 ఆయిర్‌స్టెడ్‌లు దక్కాలంటే చీలికలో మూడు రెట్లు, 900 ఉండాలని పెట్టుకుందాం. 900 ఆయిర్‌స్టెడ్‌లంటే మీటరుకు సుమారు 71,600 ఆంపియర్లు. వలయంలో నష్టాలను వదిలేస్తే, చీలిక వెడల్పుతో గుణించగా కావలసింది 0.143 ఆంపియర్-చుట్లు. వంద చుట్లుంటే తీగలో ఒకటిన్నర మిల్లీఆంపియర్ లోపే సరిపోతుంది. ఇప్పుడు అదే 0.143ను చుట్లు ఆక్రమించిన రెండు మిల్లీమీటర్ల పొడవుతో భాగించండి. తీగచుట్ట మీది రేఖీయ ప్రవాహ సాంద్రత మీటరుకు 71.6 ఆంపియర్లు. ఒకే హెడ్‌లో, ఒకే కరెంటు వల్ల వచ్చిన రెండు విలువలు. ఒకటి 71,600, రెండోది 71.6, రెండింటి పక్కనా ఆంపియర్ పర్ మీటరే. ఒకటి చీలికలోని క్షేత్రం, రెండోది తీగచుట్టలోని ప్రవాహం. మీటరుకు 71,600 ఆంపియర్ల రేఖీయ ప్రవాహం ఆ హెడ్‌లో ఎక్కడా పారడం లేదు. అయస్కాంత వలయం చేసే పనే అది. విస్తరించి ఉన్న ప్రవాహపు ప్రభావాన్నంతా తెచ్చి సన్నని చీలికలో గుమ్మరిస్తుంది. మితుల ప్రకారం రెండూ ఒకటేనని చెప్పి వదిలేస్తే, ఆ పరికరం ఎందుకు పనిచేస్తుందో చెప్పే విషయమే మాయమవుతుంది.

దీనికి ఎదురుగా వచ్చే మొదటి అభ్యంతరం న్యాయంగానే ఉంటుంది. హెడ్‌లో పదార్థం ఉంది, చీలిక ఉంది, అందుకే తేడా వచ్చింది. ఉత్త గాలిలో, ఎస్ఐలో లెక్క కడితే సాలినాయిడ్‌లో లాగా రెండు అంకెలూ ఒకటే అవుతాయి కదా? కావు. సాలినాయిడ్‌లో అవి కలవడానికి కారణం బయటి క్షేత్రం సున్నా కావడం. విశాలమైన ఒంటరి రేకులో క్షేత్రం పైకీ కిందికీ సమంగా చీలుతుంది కనుక ఒక్కోపక్క సగమే ఉంటుంది. ఈ సగం మన దక్షిణ భారతం మీదే రోజూ లెక్కకు వస్తుంది. అయస్కాంత భూమధ్యరేఖ వెంబడి, భూమికి సుమారు 105 కిలోమీటర్ల ఎత్తున, పగటిపూట తూర్పు దిక్కుగా పారే ప్రవాహ పట్టీ ఒకటుంది. 1951లో భూభౌతిక శాస్త్రవేత్త సిడ్నీ చాప్‌మన్ దానికి ఈక్వటోరియల్ ఎలక్ట్రోజెట్ అని పేరు పెట్టాడు. 1963 నవంబరు 21న మన దేశం నుంచి తొలి పరిశోధక రాకెట్ ఎగిరిన కేరళలోని తుంబాను ఎంచుకోవడానికి ముఖ్య కారణం ఆ రేఖకు దగ్గరగా ఉండడమే. ఆ ఎలక్ట్రోజెట్‌ను నేల మీదినుంచి పట్టుకునే పనిలో హైదరాబాద్‌కూ వాటా ఉంది. అక్కడి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ తమిళనాడులోని ఎట్టయపురంలో ఎలక్ట్రోజెట్ కింద తీసే కొలతల్లోంచి, ఆ పట్టీకి బయట ఉన్న హైదరాబాద్ కొలతలను తీసేస్తే, మిగిలేది ఎలక్ట్రోజెట్ వంతు. అలా 100 నానోటెస్లాలు మిగిలాయనుకుందాం. క్షేత్ర తీవ్రతగా అది మీటరుకు 0.0796 ఆంపియర్లు, కిలోమీటరుకు దాదాపు 80. అంకెను ఉన్నదున్నట్టు తెచ్చి ప్రవాహమూ కిలోమీటరుకు 80 ఆంపియర్లే అని రాస్తే సగానికి సగం తప్పు. అంతులేని రేకు అనుకుంటేనే అది 160 అవుతుంది. అసలు పట్టీకి వెడల్పు పరిమితం, పైగా భూమి లోపల ప్రేరితమయ్యే ప్రవాహాలు కూడా నేల మీది కొలతలో చేరతాయి. వీటన్నిటినీ సరిచేసే శ్రమనే భూభౌతిక శాస్త్రవేత్తలు పరిశోధన అంటారు. ప్రమాణాలు మార్చే మీట నొక్కితే తేలే పని కాదది.

శాశ్వత అయస్కాంతాల దగ్గర తేడా ఇంకా పెద్దది. మిగులు అయస్కాంతత్వం 1.3 టెస్లాలున్న నియోడిమియం అయస్కాంతాన్ని తీసుకోండి. దాని అయస్కాంతీకరణ మీటరుకు సుమారు 10.3 లక్షల ఆంపియర్లు. దాని అంచు చుట్టూ అంతే రేఖీయ సాంద్రతతో కరెంటు తిరుగుతున్నట్టు భావించి లెక్క కట్టవచ్చు. ఒక సెంటీమీటరు మందం బిళ్ల చుట్టూ పది వేల ఆంపియర్లకు పైగా అన్నమాట. ఇది సరైన లెక్కే. మరి లోపలి క్షేత్ర తీవ్రత ఎంత? పొడవు వెంట అయస్కాంతీకరించిన సన్నని కడ్డీ అయితే మధ్యలో దాదాపు సున్నా. పలచని వెడల్పాటి బిళ్ల అయితే దాదాపు 10.3 లక్షలే, అదీ వ్యతిరేక దిశలో. పదార్థం మారలేదు, రేఖీయ ప్రవాహ సాంద్రత మారలేదు, ఆకారం మారింది. క్షేత్ర తీవ్రతను హెచ్ అనే వేరే రాశిగా రాయడంలో ఉద్దేశమే పరమాణువుల్లోని బంధిత ప్రవాహాన్ని పక్కనపెట్టి, తీగల్లో మనం పంపే ప్రవాహాన్ని లెక్కించడం. ఆ బంధిత ప్రవాహాన్నే తెచ్చి హెచ్‌కు సమానమనడం ఆ రాశిని కనిపెట్టిన ప్రయోజనాన్నే కొట్టిపారేయడం. రక్షణ లోహశాస్త్ర పరిశోధనశాల (డీఎంఆర్ఎల్) ఉన్న హైదరాబాద్, సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారాన్ని 2023 మేలో జాతికి అంకితం చేసిన విశాఖపట్నం మన తెలుగు నేల మీదే ఉన్నాయి. రేపు ఆ పనుల్లో చేరబోయే పిల్లలకు ఈ తేడా తరగతి గదిలోనే తెలియాలి.

రెండో అభ్యంతరం: గొడవంతా సీజీఎస్‌తోనే కదా, దాన్ని వదిలేస్తే పోదా? ఇంతవరకూ చెప్పిన ఫ్లాపీ హెడ్, ఎలక్ట్రోజెట్, అయస్కాంత బిళ్ల మూడింట్లోనూ తప్పు ఎస్ఐలోనే జరుగుతుందని గమనించాలి. నిజానికి సీజీఎస్ ఒకందుకు మేలు చేసింది. రెండు రాశులకూ వేర్వేరు అంకెలు, వేర్వేరు పేర్లు ఉండడం వల్ల చదివేవాడు ఆగి ఆలోచించేవాడు. పైగా సీజీఎస్ అంత తేలిగ్గా పోదు. బజారులో దొరికే ఎన్52 అయస్కాంతం పేరులోని 52 మెగాగౌస్-ఆయిర్‌స్టెడ్‌ల లెక్క. బ్యాంకు కార్డు వెనక అయస్కాంత పట్టీ 300 ఆయిర్‌స్టెడ్‌లదా, 2750దా అన్నదే ఇప్పటికీ వాటి వర్గీకరణ. హార్డ్ డిస్క్ ఇంజినీర్లు మాట్లాడేది కిలో ఆయిర్‌స్టెడ్‌లలోనే. అమెరికాలో పాత మోటారు డిజైన్ పుస్తకాలు అంగుళానికి ఆంపియర్-చుట్లు అని రాస్తాయి. ఒక ఆయిర్‌స్టెడ్ అంటే అంగుళానికి రెండు ఆంపియర్-చుట్లకు కాస్త పైన. ఇన్ని భాషలు వాడుకలో ఉండగా అనువాదం తప్పదు, తప్పనప్పుడు సరిగా చేయాలి. ఇంకో సంగతి కూడా ఉంది. 2019 మే 20 నుంచి ఎస్ఐ నిర్వచనాలు మారాయి. శూన్య పెర్మియబిలిటీ నిర్వచనంతో స్థిరపడిన అంకె కాకుండా పోయి, కొలిచి తెలుసుకునే విలువ అయింది. దానితో ఒక అబ్‌ఆంపియర్ అంటే సరిగ్గా పది ఆంపియర్లు అన్న మాట కూడా నిర్వచనం నుంచి కొలతలోకి దిగింది. తేడా వెయ్యి కోట్లలో ఒకటి రెండు వంతుల స్థాయిది. ఏ ఫ్యాక్టరీకీ అది పట్టదు. కానీ ఈ పద్ధతుల మధ్య వంతెన ప్రకృతి నియమమే తప్ప ఉత్త గుణకారం కాదని అది అధికారికంగా ఒప్పుకున్నట్టయింది.

ఇలాంటి తప్పు అనుభవజ్ఞులు చేయరన్నది మూడో అభ్యంతరం. కానీ 1999లో అంగారక వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ చేజారింది పౌండ్-సెకండ్లను న్యూటన్-సెకండ్లుగా తీసుకోవడం వల్ల. అక్కడ పనిచేసినవారు అనుభవం లేనివారు కారు. ఆ ప్రమాదం తర్వాత ప్రమాణాలు సరిపోలాయో లేదో చూసే సాఫ్ట్‌వేర్ మీద నమ్మకం పెరిగింది, అది మంచిదే. కానీ ఆ జాతి సాఫ్ట్‌వేర్ మన తప్పును పట్టుకోలేదు. మార్స్ ఉదంతంలో రాశి ఒకటి, ప్రమాణాలు రెండు. ఇక్కడ ప్రమాణం ఒకటి, రాశులు రెండు. మితులు చూసే ప్రోగ్రాముకు ఆంపియర్ పర్ మీటర్ కనిపిస్తే చాలు, పచ్చజెండా ఊపేస్తుంది. సగం తప్పును, వెయ్యి రెట్ల తప్పును ఒకే శాంతంతో దాటనిస్తుంది. కనుక అనుభవజ్ఞులకే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే పరికరం తనిఖీ చేసిందన్న ధీమా వారికే ఉంటుంది.

రేఖీయ ప్రవాహ సాంద్రతను రేఖీయ ప్రవాహ సాంద్రతలోకి, క్షేత్ర తీవ్రతను క్షేత్ర తీవ్రతలోకి మాత్రమే మార్చాలి. ఒకదాన్నుంచి రెండోదానికి వెళ్లాలంటే రేకు ఒంటరిదా, సాలినాయిడా, పక్కన ఇనుముందా, ప్రవాహం తీగలోదా, పదార్థంలోదా అని అడిగి, ఆంపియర్ నియమం రాసి లెక్క కట్టాలి. మార్పిడి పట్టికలు తయారుచేసేవారు ఆయిర్‌స్టెడ్‌ను, దానికే మరో పేరైన సెంటీమీటరుకు గిల్బర్ట్‌ను ఒక జాబితాలో, సెంటీమీటరుకు అబ్‌ఆంపియర్‌ను, అంగుళానికి ఆంపియర్‌ను వేరే జాబితాలో పెట్టాలి. తెలుగు అకాడమీ పుస్తకాలు రాసేవారికి ఒక విన్నపం: మితుల పాఠంలో టార్క్, పని జత పక్కన ఈ జతను కూడా చేర్చండి, సాలినాయిడ్ పాఠంలో అంకెలు కలిసిన చోటే ఒంటరి రేకు లెక్కను కూడా వేసి చూపండి. సన్నీవేల్‌లోనో హైదరాబాద్‌లోనో డేటాషీట్ ముందు కూర్చున్న ఇంజినీర్లు ఆంపియర్ పర్ మీటర్ అన్నచోటల్లా అది ఏ రాశిదో పేరు రాయండి, ఏ పద్ధతి నుంచి తెచ్చారో పక్కన రాయండి.